గార పట్టిన ట్రాక్టర్: ఒక వేసవి డైరీ

ఏప్రిల్ 14

అంబేద్కర్ జయంతి సెలవు కావడంతో పొద్దున్నే నల్లగొండ నుంచి ఊరికి వచ్చాను. మా ఊరు చండూరుకూ మునుగోడుకూ మధ్య ఉంటుంది. వచ్చేసరికి తమ్ముడు బత్తాయి తోట గట్టున ట్రాక్టర్ ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద తడి గోనెసంచి కప్పి నిలబడి ఉన్నాడు. సంచి కింద నుంచి బుసలు వినిపిస్తున్నాయి. పక్కన రెండు బిందెల బోరు నీళ్ళు.

"ఇరవై నిమిషాలు రోటవేటర్ తిప్పితే అరగంట నీడకు కట్టెయ్యాలి అన్నా. దీనికన్నా ఎద్దులే నయం" అన్నాడు. రోటవేటర్ అంటే ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే పనిముట్టు.

ఇది నాన్న 1997లో కొన్న బండి. ముప్పై అయిదు హార్స్‌పవర్, మూడు సిలిండర్లు. నాలుగేళ్ళుగా ప్రతి ఎండాకాలం ఇదే తంతు. ఒక ఏడు బెల్టు మార్చారు, మరో ఏడు హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, దించి దాని కింది గాస్కెట్ వేశారు, ఇంకో ఏడు ఏం మార్చారో ఎవరికీ గుర్తు లేదు. బిల్లులు మాత్రం అల్మారాలో ఉన్నాయి. అందుకే ఈసారి డైరీ. ఈ నెల 24 నుంచి బడికి సెలవులు. మృగశిర కార్తె నాటికి, అంటే జూన్ మొదటి వారం దాటేసరికి, బండి పత్తి చేలకు సిద్ధం కావాలి. నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. విప్పడం, బిగించడం తమ్ముడి పని. ఎందుకు విప్పుతున్నామో రాసి పెట్టడం నా వంతు.

తమ్ముడు బిందె ఎత్తబోతుంటే ఆపాను. కాగుతున్న పోత ఇనుము మీద చల్లటి నీళ్ళు పడితే హెడ్ పగులుతుంది. మూత సంగతి వాడికి నేను చెప్పనక్కర లేదు. కుడి మణికట్టు మీద మచ్చ ఉంది, రెండేళ్ళ కిందట వేడి మీద మూత తిప్పిన గుర్తు. మూత బిగిసి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత సడలగానే ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా ఊరుకున్న నీళ్ళు ఒక్కసారిగా మరిగి పైకి తన్నుతాయి. గోనెసంచి వాటిని ఆపదు.

ఏప్రిల్ 21

డ్యాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు చచ్చి ఎనిమిదేళ్ళయిందట. ఎంత వేడెక్కుతోందో తెలియకుండా ఎందుకు వేడెక్కుతోందో వెతకడం దండగ. కరోనా నాటి నుదుటి థర్మామీటరు బడి బీరువాలో ఉంటే తెచ్చి రేడియేటర్ మీద గురి పెట్టాను. అది జ్వరం చూసేది, మరుగు నీళ్ళ సంగతి దానికేం తెలుసు! 'హెచ్చు' అని చూపించి కీచుమంది. తమ్ముడు పడీపడీ నవ్వాడు.

తరువాత పరిశ్రమల్లో వాడే రకం తెప్పించాను, 400 డిగ్రీల దాకా చూపిస్తుంది. దీనికీ ఒక చాదస్తం ఉంది. మెరిసే ఇత్తడి మీద గురి పెడితే ఉన్నదానికన్నా చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా సరిగా వదలదు. కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు ముక్కలు అంటించి, టేపు మీద కొలిచాను. రోటవేటర్ పావుగంట నడిచాక పై ట్యాంకు 98. సముద్ర మట్టానికి కొంత ఎత్తున ఉన్న మాకు నీళ్ళు మరగడానికి అది చాలు.

అసలు విషయం రేడియేటర్ జాలి మీద కనిపించింది. రంగు వేసి ఉన్న జాలి కాబట్టి టేపు అక్కర లేకపోయింది. కుడి వైపు 88, 90 చూపిస్తుంటే ఎడమ వైపు మూడో వంతు 50 దగ్గరే ఉంది. తమ్ముడు "అటువైపు బాగా చల్లబడుతోందన్న మాట" అన్నాడు. చల్లబడడం కాదు, అటువైపు వేడి నీళ్ళు వెళ్ళడమే లేదు.

ఏప్రిల్ 25

సెలవులు మొదలయ్యాయి. ఏదీ విప్పకముందు కాగితం మీద ఒక లెక్క వేసుకున్నాను.

రోటవేటర్ తిప్పేటప్పుడు మా బండి గంటకు అయిదు లీటర్ల డీజిల్ తాగుతుంది. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. అంటే గంటకు 180 మెగాజౌళ్ళు, కిలోవాట్లలో 50. ఇందులో మూడో వంతు మించి పనికి రాదు. ఇంచుమించు మరో మూడో వంతు పొగ గొట్టం గుండా పోతుంది. నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్ళలోకి దిగుతుంది. సుమారు 14 కిలోవాట్లు అనుకుందాం. ఇళ్ళలో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు ఏడు ఒకేసారి వేసినంత వేడిని ఆ కిటికీ రెక్కంత జాలి బయటికి ఊదేయాలి.

ఊదకపోతే? బండిలో నీళ్ళు 11 లీటర్లు. ఇనుము పీల్చుకునేది పక్కన పెడితే, ఆ వేడికి 11 లీటర్లు నిమిషానికి 18 డిగ్రీల చొప్పున ఎక్కుతాయి. ఫ్యాన్ బెల్టు తెగాక డ్రైవరు బీడీ ముట్టించుకునేలోపే నీళ్ళు మరుగుతాయని పాత డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు.

అలాగని ఇంజన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదా అంటే కాదు. సిలిండరులో మంట ఒక్క క్షణం 2,000 డిగ్రీలు దాటుతుంది. పోత ఇనుము 1,200 లోపే కరుగుతుంది, అల్యూమినియం పిస్టన్ 660 లోపే. ఆ మంట మధ్య పిస్టన్ నిలబడేది గోడల వెనక నీళ్ళు తిరుగుతుండడం వల్లనే. కానీ గోడలు మరీ చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా కాలదు, కాలనిది గోడల వెంట ఇంజన్ ఆయిల్‌లోకి జారుతుంది. పొగలోని తేమ గోడ మీద చెమ్మగా దిగి, గంధకంతో కలిసి ఆమ్లమై లైనర్‌ను, అంటే సిలిండర్ లోగోడను, కొరుకుతుంది. ఇంజన్‌కు నచ్చేది 80కీ 95కీ మధ్య.

ఏప్రిల్ 27

జాలి శుభ్రం చేశాం. ముందు వైపు నుంచి చూస్తే బాగానే ఉంది. వెనక నుంచి టార్చి వేస్తే వెలుతురు సగం చోట్ల ఇటు రాలేదు. వరి పొట్టు, పత్తి పింజెలు, దుమ్ము, వాటిని అంటించి ఉంచడానికి ఆయిల్ జిడ్డు. నాలుగేళ్ళ పంటల చరిత్ర అంతా అందులో ఉంది.

తమ్ముడు ఇన్నాళ్ళూ ముందు నుంచి గాలి కొడుతున్నాడు. గాలి వచ్చేదీ అటు నుంచే, చెత్త వచ్చేదీ అటు నుంచే. అటు నుంచే కొడితే చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది. ఇంజన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి. సబ్బు నీళ్ళు చల్లి, పావుగంట నాననిచ్చి, తగ్గించిన ఒత్తిడితో కడిగాం. ఎక్కువ ఒత్తిడి పెడితే రేకులు వాలిపోతాయి. వాలిన రేకులను పాత దువ్వెనతో నిలబెడుతూ మధ్యాహ్నం గడిచింది. అమ్మ వచ్చి చూసి, "పెళ్ళికూతురికి కూడా ఇంత దువ్వరు" అంది.

ఇప్పుడు ఇరవై నిమిషాలు కాదు, ముప్పై అయిదు నిమిషాలు నడుస్తోంది. ఇది ఉచితంగా దొరికిన లాభం.

ఏప్రిల్ 29

ఇంజన్ వేడిని బట్టి నీళ్ళ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ దొరికింది. ఇంజన్‌లో కాదు, సీటు కింది పనిముట్ల పెట్టెలో, పాత స్పానర్ల అడుగున.

తమ్ముడు ఒప్పుకున్నాడు. మూడేళ్ళ కిందట ఒక మెకానిక్, "ఇది నీళ్ళకు అడ్డం పడుతోంది, మన ఎండలకు దీనితో పనేముంది" అని పీకి చేతిలో పెట్టాడట. జిల్లాలో ఎవరి బండి వేడెక్కినా మొదట వినిపించే సలహా ఇదే. దీని మీద ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. చివరికి పొయ్యి దగ్గరికి వెళ్ళాం.

గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీశాం. అడుగు తాకకూడదు, తాకితే గిన్నె వేడి తగులుతుంది. పక్కన థర్మామీటరు. 70 అయింది, కదలిక లేదు. 78, లేదు. 82 దగ్గర ఇత్తడి బిళ్ళ అంచున వెంట్రుకవాసి చీకటి గీత కనిపించింది. అందరం వంగి చూస్తుండగానే గీత వెడల్పయింది. 94కు వచ్చేసరికి దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు తెరుచుకుంది. పొయ్యి ఆర్పాక మెల్లగా మూసుకుంది. లోపల తీగా లేదు, కరెంటూ లేదు. చిన్న రాగి గిన్నెలో మైనం ఉంటుంది. వేడికి కరిగి ఉబ్బిన మైనం కడ్డీని తోస్తుంది, చల్లబడితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. పెట్టెలో మూడేళ్ళు పడి ఉన్నా తన 82ను మర్చిపోలేదు.

దాన్ని తీసేస్తే ఏమవుతుందో బ్లాకు దగ్గర, అంటే సిలిండర్లున్న ఇనుప దిమ్మ దగ్గర, తమ్ముడికి చూపించాను. పంపు దగ్గరికి నీళ్ళు రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి రేడియేటర్ గుండా, రెండోది పక్కన సన్నని అడ్డదారి గుండా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మొదటి దారి మూస్తుంది, అడ్డదారి తెరిచి ఉంచుతుంది. వేడెక్కాక మొదటిది తెరిచి, తన కింది బిళ్ళతో అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే రెండు దారులూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మంచి ఎండలో, నిండు బరువు మీద కూడా కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి పోతుంది. చలికాలం పొద్దున బండి ఎంతసేపటికీ వేడెక్కదు, తెల్లటి పొగ వదులుతుంది. రెండు కాలాల్లోనూ నష్టమే.

"మరి అంత పెద్ద మెకానిక్..." అని తమ్ముడు సణిగాడు. నేనేమీ అనలేదు. గిన్నెలో నీళ్ళు మరుగుతుంటే టీ పెట్టుకుందామా అన్నాను. ఆ గిన్నెలోనా అని అమ్మ కసురుకుంది.

మే 2

రేడియేటర్ మూత. దాని నెత్తిన '7' అని ఉంది, ఏడు పౌండ్ల మూత అంటారు. వాతావరణ ఒత్తిడికి దాదాపు అర రెట్టు అదనం. ఆ ఒత్తిడిలో నీళ్ళు 111 దగ్గరకు గాని మరగవు. మా మూత స్ప్రింగును బొటనవేలితో నొక్కితే చిన్నపిల్లల బొమ్మలా దిగిపోయింది, రబ్బరు వాచరు బిరుసెక్కి నెర్రెలిచ్చింది. తమ్ముడి చెయ్యి కాల్చిన నాటికి ఇది బాగానే ఉండి ఉంటుంది! 11 డిగ్రీల వెసులుబాటు ఇక్కడే పోయింది.

కొత్త మూత తెచ్చాం, నూట ఎనభై రూపాయలు. దీని మధ్యలో ఇంకో బుల్లి వాల్వు ఉంటుంది. ఇంజన్ చల్లారి నీళ్ళు కుంచించుకున్నప్పుడు లోపలికి పీల్చుకోవడానికి అది తెరుచుకుంటుంది. అది పనిచేయకపోతే కింది హోస్ పైపు మెడ పిసికినట్టు చొట్టపడుతుంది. మా కింది హోస్ పొద్దున పూట ఎందుకు అలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. హోసులు రెండూ మార్చేశాం.

మే 5

రేడియేటర్ దించి, ఆటోలో వేసుకుని నల్లగొండ తీసుకెళ్ళాం. అక్కడ రేడియేటర్లు బాగుచేసే ఉస్తాద్ ఒకరున్నారు. షెడ్డులో ఒక నీళ్ళ తొట్టి, గ్యాస్ మంట, గోడకు ఆనించిన లారీ జాలీలు. మా రేడియేటర్‌ను చేతిలోకి తీసుకుని బరువు చూశారు, అంతే. "సార్, ఇందులో అయిదు కిలోల మీ ఊరి బోరు ఉంది" అన్నారు.

పై ట్యాంకు చుట్టూ మంట పట్టి, టంకం కరిగించి, పట్టకారుతో ఊడదీశారు. కొబ్బరి చిప్ప పెచ్చులాంటి తెల్లటి పలకలు బల్ల మీద రాలాయి. జాలి తల మీద ట్యూబుల నోళ్ళు వరుసగా కనిపించాయి. పొడుగ్గా నొక్కిన ఇత్తడి గొట్టాలు, బియ్యపు గింజంత వెడల్పు నోరు. లెక్కపెట్టాను: 84. ఉస్తాద్ ఒక్కోదాని మీద నీళ్ళు చిలకరించి చూశారు. 31 పూర్తిగా మూసుకుపోయాయి. అన్నీ ఎడమ వైపే, థర్మామీటరు 50 చూపించిన చోటే. మిగతా వాటిలోనూ చాలా వాటి నోరు సగమే.

ట్యూబులు సన్నగా, ఎక్కువగా ఉండడం దీని బలం, బలహీనత కూడా. తొలినాళ్ళ మోటారు బండ్లు పెద్ద తొట్టెడు నీళ్ళు మోసుకు తిరిగేవి, మరిగి ఆవిరైన కొద్దీ మళ్ళీ పోసుకునేవారు. 1900 నాటికి జర్మన్ ఇంజనీరు విల్హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ల మెర్సిడెస్ కారుకు తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. అందులో 8,070 చిన్న గొట్టాలు. నీళ్ళు గాలికి అంత విశాలంగా ఎదురుపడేసరికి మోయాల్సిన నీళ్ళు సగానికి తగ్గాయి. మా 84 కూడా ఆ సంతానమే. గాలి తగిలే చోటు పెంచడానికి దారులను ఎంత సన్నం చేస్తే అవి అంత తేలిగ్గా పూడుకుంటాయి.

ఉస్తాద్ సన్నటి ఉక్కు పట్టీలు ఒక్కో ట్యూబులో దూర్చి పైకీ కిందికీ ఆడించారు. రెండు ట్యూబులు ఎంతకీ తెరుచుకోలేదు, వాటిని టంకంతో మూసేశారు. మళ్ళీ ట్యాంకు అతికి, గాలి నింపి, తొట్టిలో ముంచి బుడగల కోసం చూశారు. సాయంత్రం నాలుగింటికి చేతికిచ్చారు. ఎత్తి చూస్తే నిజంగానే తేలికైంది. అయిదు కిలోలు కాదు గాని, తేడా తెలిసింది.

రాలిన పలకలను కవరులో వేసుకుని తెచ్చుకున్నాను. తమ్ముడు నన్ను వింతగా చూశాడు.

మే 7

మా జిల్లాలో 'గార' అనే మాటకు బరువుంది. నీళ్ళ కాగు అడుగున పట్టేదీ గారే, ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళ మీది పసుపు చారలూ గారే. మర్రిగూడ, మునుగోడు వైపు గార పళ్ళు, వంగిన కాళ్ళు చూస్తూ పెరిగిన తరం మాది. అందుకే ఊళ్ళో ఎవరిని అడిగినా రేడియేటర్‌ను పూడ్చింది ఫ్లోరైడేనని చెబుతారు. మాట ఒకటే అయినంత మాత్రాన దోషి ఒకడే కానక్కర లేదు.

పెళ్ళయి చండూరులో ఉంటున్న చెల్లెలి కూతురు నల్లగొండలో డిగ్రీ కెమిస్ట్రీ చదువుతోంది. ముందుగా నేను తెచ్చిన పలక ముక్కను నిమ్మరసంలో వేసి చూడమన్నాను. బుసబుసా పొంగింది. "కార్బొనేటు మామయ్యా, ఇందులో అనుమానం లేదు" అంది. తరువాత మా బోరు నీళ్ళ సీసా ఇచ్చి పంపాను. సాయంత్రం ఫోనులో వీడియో పంపింది. శంఖు కూజాలో 50 మిల్లీలీటర్ల మా నీళ్ళు, ద్రాక్షరసం రంగులో. బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టం నుంచి కాఠిన్యం కొలిచే ద్రావణం ఒక్కో చుక్కా పడుతోంది. 26 మిల్లీలీటర్ల దాకా రంగు మారలేదు. 27 దగ్గర ఒక్క చుక్కకు ఊదా రంగై, కూజా తిప్పగానే తేట నీలం. లెక్క కడితే లీటరుకు 540 మిల్లీగ్రాముల కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగి ఉన్న సున్నం లాంటి లవణాల కొలత. తాగునీటికి 200 దాటకపోతే మంచిదని, గత్యంతరం లేకపోతే 600 దాకా అని మన దేశ ప్రమాణం.

ఫ్లోరైడ్ లీటరుకు కొద్ది మిల్లీగ్రాములున్నా మనిషి పళ్ళను, ఎముకను పాడు చేస్తుంది, కానీ గొట్టాన్ని పూడ్చేంత సరుకు అందులో లేదు. పైగా కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో ఫ్లోరైడ్ అంతగా కరగదు కాబట్టి మామూలుగా ఈ రెండూ ఎదురు బొదురు. పూడ్చేది కాల్షియం బైకార్బొనేటు. చల్లటి నీళ్ళలో కనిపించకుండా కరిగి ఉంటుంది. వేడి చేస్తే బొగ్గుపులుసు వాయువు వదిలి, సున్నపురాయిగా మారి, అన్నిటికన్నా వేడిగా ఉన్న గోడను వెతుక్కుని అంటుకుంటుంది. ఇంజన్‌లో అన్నిటికన్నా వేడి గోడలు సిలిండర్లవి, వాటి మీది హెడ్‌వి. అంటే రేడియేటర్‌లో మనకు కనిపించింది సగమే. ఆ పొర వేడిని ఇనుముకన్నా కనీసం ఇరవై రెట్లు తక్కువగా పంపుతుంది. గోడ లోపల ఇనుము కాగిపోతుంటే ఇవతల నీళ్ళకు తెలియదు.

ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో పటిక, సున్నంతో ఒక పద్ధతి రూపొందించింది. దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. దానితో కాఠిన్యం పోదు, కాబట్టి బండికి ఉపయోగం లేదు. జిల్లా పేరు ఉందని రాశానంతే.

ఇప్పుడు అసలు లెక్క. బండిని ఒక్కసారి 11 లీటర్ల బోరు నీళ్ళతో నింపితే అందులోని సున్నం ఆరు గ్రాములు. ఆ నీళ్ళే మూసిన దారిలో తిరుగుతుంటే ఆ ఆరు గ్రాములతో సరి. కానీ మా వాడు రోజుకు సగటున రెండు లీటర్లు పోస్తున్నాడు. ఏడాదిలో 200 రోజుల పని అనుకుంటే 400 లీటర్లు, 216 గ్రాములు. ఆవిరి ఎగిరిపోతుంది, రాయి మిగిలిపోతుంది. వేడెక్కుతోందని నీళ్ళు పోశాం. పోసిన నీళ్ళ వల్ల ఇంకా వేడెక్కింది. ఇంకా పోశాం. నాలుగేళ్ళలో ముప్పావు కిలో దాటిందన్న మాట.

లెక్క చూపిస్తే తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. "అంటే బిందె పట్టుకున్న నేనే అన్నమాట" అన్నాడు. నేనూ కదా, సెలవులకు వచ్చినప్పుడల్లా.

మే 11

బ్లాకులో గార తీసే పని. ఊరి మెకానిక్ బాత్‌రూం యాసిడ్ పోసెయ్యమన్నాడు. అది గారతో పాటు టంకాన్నీ ఇనుమునూ కూడా తింటుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, తెచ్చాం. పది లీటర్లకు అర కిలో. థర్మోస్టాట్ పెట్టకుండా, రేడియేటర్ బదులు ఒక డ్రమ్ము తగిలించి, ఇంజన్‌ను 70 దాకా వేడెక్కించి ఆపాం. గంట తరువాత దింపితే ముదురు టీ రంగు నీళ్ళు, అడుగున తెల్లటి మడ్డి. ఆ మడ్డి కాల్షియం సిట్రేటు, నీళ్ళలో సరిగా కరగదు. అందుకే రాత్రంతా నానబెట్టడం కన్నా గంటకొకసారి కొత్తది పోయడం మేలు. ఎక్కువసేపు ఉంచితే ఆమ్లం ఇనుము మీదికి కూడా వెళుతుంది.

మూడు విడతలు పోశాం. మూడోసారి బయటికి వచ్చినవి పలుచటి టీ. తరువాత తినే సోడా కలిపిన నీళ్ళు ఒకసారి, ఉత్త నీళ్ళు అయిదుసార్లు. బ్లాకు పక్కన గుండ్రటి రేకు మూత ఒకటి కారడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ దాని చిల్లుకు గారే అడ్డం ఉన్నట్టుంది! కొత్తది కొట్టించాం.

మధ్యలో నాన్న వచ్చి మంచం వాల్చుకున్నాడు. ఆయన కాలంలో బావి గట్టున ఆయిల్ ఇంజన్ ఉండేది. దానికి రేడియేటర్ ఉండేది కాదు. పంపు తోడిన నీళ్ళలోంచే సన్నటి పైపుతో కొంత ఇంజన్‌లోకి పంపి, ఇంకో వైపు నుంచి కాలువలోకి వదిలేవారు. చలికాలం పొద్దున ఆ గోరువెచ్చటి ధార కింద మా ఇద్దరికీ స్నానాలు. "దానికీ గార పట్టేదా నాన్నా?" అని అడిగాను. "ఏడాదికోసారి ఉలితో చెక్కేవాళ్ళం" అన్నాడు. పట్టదా మరి, నిమిషం నిమిషం కొత్త నీళ్ళాయె.

మే 15

వాటర్ పంపు. విప్పితే లోపలి రెక్కల చక్రం అంచులు తుప్పుకు అరిగి చంద్రవంకలైపోయాయి. తిరుగుతుంది, కానీ నీళ్ళను తోయదు. పంపు ఒంటికి కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పాడైతే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి కారడానికి పెట్టింది. దాన్ని మా ఇంట్లో ఎవరో ఎప్పుడో ఎమ్‌సీల్‌తో మూసేశారు, కారుతోందని. ఎవరని అడిగితే అందరూ ఆకాశం చూశారు. బేరింగు గరగరమంటోంది. పంపు మొత్తం సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాం, పదిహేడు వందలు. బెల్టు కూడా మార్చి, మధ్యలో బొటనవేలితో నొక్కితే పన్నెండు మిల్లీమీటర్లు దిగేలా బిగించాం.

మే 19

బిగింపు. థర్మోస్టాట్ తన చోటికి వెళ్ళింది, మైనం ఉన్న వైపు ఇంజన్ లోపలికి. ఉష్ణోగ్రత ముల్లు కొత్తది. జాలి, ఫ్యాను మధ్య ఉండాల్సిన రేకు చట్రం పశువుల కొట్టంలో దొరికింది, దాన్ని కూడా బిగించాం. అది లేకపోతే ఫ్యాను జాలి నుంచి కాక పక్కల నుంచి గాలి లాక్కుంటుంది.

ఏం పోయాలన్న దాని మీద మళ్ళీ చర్చ. రేడియేటర్ నీళ్ళలో కలిపే కూలెంట్ అనేది గడ్డకట్టే చలి దేశాలకు గాని మనకెందుకని తమ్ముడి వాదన. సగం నిజమే. నల్లగొండలో నీళ్ళు గడ్డకట్టవు. పైగా అందులోని గ్లైకాల్ వేడిని ఉత్త నీళ్ళంత బాగా మోయదు. మనకు కావలసింది అందులో కలిపిన తుప్పు నిరోధకాలు, మరిగే డిగ్రీలు కాస్త పెరగడం. అందుకే డబ్బా మీద రాసిన కనీస పాలు, మూడో వంతు, పోశాం. మిగతా రెండు వంతులు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్. పచ్చదా ఎర్రదా అని షాపువాడు అడిగాడు. రంగు ఒక్కో కంపెనీ ఇష్టం, డబ్బా మీద ఉన్నది చదివి పచ్చది తీసుకున్నాం.

మెల్లగా పోస్తూ, పై హోస్‌ను పిసుకుతూ గాలి బయటికి పంపాం. మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి, నీళ్ళ మీద బుడగలు ఆగకుండా వస్తున్నాయా అని చూశాం. వస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టు, మంట నీళ్ళలోకి తన్నుతున్నట్టు. కాసేపు గాలి బుడగలు వచ్చి ఆగిపోయాయి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగానే ఉంది, మజ్జిగలా మారలేదు. హెడ్ దించక్కర లేదు. ఇవాళ రాత్రి నిద్రపడుతుంది.

మే 26

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళు ఏమయ్యాయో గాని, మధ్యాహ్నం గొడుగు లేకుండా నిలబడలేకపోయాను. పరీక్షకు ఇంతకన్నా మంచి రోజు దొరకదు. ఒంటిగంటకు రోటవేటర్ దించాం. ముల్లు 82 దాటి 86కు వచ్చి నిలబడింది. నలభై నిమిషాలు: 89. గంట: 91. గంటన్నర: 91. జాలి మీద థర్మామీటరు అటు చివర నుంచి ఇటు చివర దాకా తిప్పాను, మూడు నాలుగు డిగ్రీల తేడా తప్ప చల్లటి మూల ఎక్కడా లేదు, ఉస్తాద్ మూసేసిన రెండు ట్యూబుల దగ్గర తప్ప.

తమ్ముడు దిగి, అలవాటుగా బిందె కోసం చూసి, నవ్వాడు.

జూన్ 9

మృగశిర వచ్చింది, మొన్న రాత్రి ఒక మంచి వాన పడింది. పత్తి చేలల్లో పద్నాలుగు రోజులుగా బండి నడుస్తోంది. రేడియేటర్ మెడ నుంచి ఒక పైపు తీసి పక్కన ప్లాస్టిక్ బాటిల్ తగిలించాం. వేడికి పొంగిన నీళ్ళు అందులోకి వెళ్ళి, చల్లారాక వెనక్కి వస్తాయి. బాటిల్ మీద మార్కరుతో గీత గీసి పెట్టాను. సీటు కింద అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాను ఉంది, సీలు ఇంకా తీయలేదు.

ఇవాళ పొద్దున చల్లటి ఇంజన్ మీద చూస్తే నీళ్ళు గీతకు వేలెడు కింద ఉన్నాయి. పంపు కింది రంధ్రం దగ్గర వేలు పెట్టి చూశాను, పొడిగానే ఉంది. బ్లాకు పక్క కొత్త రేకు మూతా పొడిగానే ఉంది. పై హోస్ క్లిప్పు కింద, ఇత్తడి మెడ మీద, ఎండిన పచ్చ మరక ఒకటి కనిపించింది. ఉత్త నీళ్ళయితే కనిపించేది కాదు. స్క్రూడ్రైవరు తమ్ముడి దగ్గరుంది, వాడు అప్పటికే చేనికి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆ క్లిప్పు ఒక చుట్టు బిగించాలి.